సీటు ఎవరికి, ఏ లెక్కన? బడుల కేటాయింపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఎవరిని ఏ బడికి పంపాలో ఏదో ఒక లెక్కన తేల్చక తప్పదు. తల్లిదండ్రులు మాత్రం ఆ లెక్క సంగతి అడగరు. "ఫారంలో మనసులో ఉన్నది రాయాలా, తెలివిగా రాయాలా?" అని అడుగుతారు. ఈ రెండింటికీ తేడా ఉందంటే లోపం పద్ధతిదే, మీది కాదు. కింది జవాబులన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి, మూడో ప్రశ్న నుంచి అవసరపడతాయి.

ముందొచ్చినవాళ్లకి ముందు ఇచ్చేస్తే పోలా?

క్యూలో గెలిచేది తీరిక. తెల్లవారుజామునే వచ్చి నిలబడగలిగినవాళ్లకి, ఇంటర్నెట్ వేగంగా నడిచే ఇంట్లో ఉన్నవాళ్లకి సీటు దొరుకుతుంది. ఆ అర్హతకీ చదువుకీ సంబంధం లేదు.

క్యూ మానేసి, మార్కులతోనో లాటరీతోనో అందరికీ కలిపి ఒకే వరస తయారు చేస్తే పని చాలా తేలిక. మొదటి నంబరు పిల్ల తనకి నచ్చిన బడి తీసుకుంటుంది, రెండో నంబరు పిల్లాడు మిగిలినవాటిలో నచ్చింది తీసుకుంటాడు, అలా చివరిదాకా. ఇక్కడ అబద్ధం రాసి బాగుపడేవాళ్లు ఉండరు. చిక్కల్లా బడులన్నిటికీ ఒకే వరస ఉండకపోవడమే. అక్క ఇప్పటికే చదువుతున్న బడిలో చెల్లికి ముందు చోటు. నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లుంటే ఆ బడిలో ముందు చోటు. ఒకే పిల్లాడు ఒక బడి వరసలో తలకాయ దగ్గరుంటాడు, ఇంకో బడి వరసలో తోక దగ్గరుంటాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మంచి పద్ధతి అని దేన్నంటారు?

మూడు విషయాలు అడిగి చూడండి. సీట్లు పంచాక, ఎవరికీ నష్టం లేకుండా ఇంకొందరికి మేలు చేసే వీలు మిగిలిపోయిందా? మిగిలితే ఆ పద్ధతి చేతిలో ఉన్నదాన్ని వృథా చేసినట్టే. "ఆ బడి వరసలో నేను ముందుంటే నా వెనకవాడికి సీటిచ్చారు" అనగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? దీన్ని ఉత్త అసూయ అని కొట్టిపారేయలేం, ఇది న్యాయమైన ఫిర్యాదు. ఇక మూడోది: ఉన్నది ఉన్నట్టు రాసిన పాపానికి ఎవరైనా నష్టపోయారా?

మూడూ ఎల్లవేళలా కలిసి దొరకవు. అందుకు అధికారులని తిట్టి లాభం లేదు, అది రుజువైన గణితం. ముగ్గురు పిల్లలు, మూడు సీట్లు ఉంటే చాలు, ఆ సంగతి బయటపడుతుంది.

మొదటి ఆప్షన్‌గా రాసినవాళ్లకి ముందు సీటివ్వడం న్యాయమే కదా?

చెవికి న్యాయంగానే వినిపిస్తుంది. అమెరికాలో బోస్టన్ నగరం 2005 దాకా ఇలాగే చేసేది, అందుకే దీనికి బోస్టన్ పద్ధతి అనే పేరు పడిపోయింది. ముందు అందరి మొదటి ఆప్షన్లు తీసుకుని, బడి వరస చూసి సీట్లు అక్కడికక్కడే ఖాయం చేస్తారు. మిగిలిన సీట్లకి రెండో ఆప్షన్లు చూస్తారు, ఆ తర్వాత మూడోవి.

ఇప్పుడు కాగితం తీయండి. తూర్పు బడి, పడమటి బడి, ఉత్తరపు బడి. ఒక్కోదాంట్లో ఒకే సీటు ఉందనుకోండి. రవికి అన్నిటికన్నా పడమర ఇష్టం, తర్వాత తూర్పు, చివర ఉత్తరం. లతకి, సలీంకి ఇద్దరికీ ముందు తూర్పు, తర్వాత పడమర, చివర ఉత్తరం. బడుల వరసలు ఇలా ఉన్నాయి: తూర్పు బడిలో రవి, సలీం, లత. పడమటి బడిలో లత, రవి, సలీం. ఉత్తరం ఎవరొచ్చినా చేర్చుకుంటుంది.

అందరూ నిజం రాశారు. మొదటి ఆప్షన్ల దగ్గరే రవికి పడమర ఖాయం. తూర్పు కోసం లత, సలీం పోటీ పడితే వరసలో ముందున్న సలీంకి ఖాయం. లత రెండో ఆప్షన్ పడమర, కానీ అది అప్పటికే నిండిపోయింది. ఆమెకి ఉత్తరం. చోద్యం చూడండి: పడమటి బడి వరసలో అందరికన్నా ముందున్నది లతే. ఆ హక్కు ఆమెకి ఉండీ అక్కరకి రాలేదు. పడమరని మొదటి ఆప్షన్‌గా రాసి ఉంటే కళ్లు మూసుకుని సీటొచ్చేది.

సరే, లత తెలివి తెచ్చుకుని పడమరని మొదట రాసిందనుకుందాం. ఇప్పుడు పడమర లతకి, తూర్పు సలీంకి, రవికి ఉత్తరం. తూర్పు బడి వరసలో మొదటివాడైన రవి వీధిన పడ్డాడు! అప్పుడు రవి కూడా తెలివి తెచ్చుకుని తూర్పుని మొదట రాస్తాడు. రవికి తూర్పు, లతకి పడమర, సలీంకి ఉత్తరం. ఇద్దరు అబద్ధం రాశాక గానీ ఆట ఆగలేదు. ఈ చివరి ఫలితాన్ని కాగితం మీద ఓ మూల రాసి పెట్టుకోండి, మళ్లీ ఎదురవుతుంది.

నిజ జీవితంలో ఈ ఎత్తులు అందరికీ తెలియవు, అదే అసలు అన్యాయం. బోస్టన్‌లో కొందరు తల్లిదండ్రులు గుంపుగా కూడి, ఏ బడికి గిరాకీ ఎంతుందో, ఏది మొదట రాయకూడదో మాట్లాడుకునేవాళ్లు. ఆ సమావేశాలకి వెళ్లే తీరిక లేనివాళ్లు మనసులో ఉన్నది రాసి ఓడిపోయేవాళ్లు. అతీలా అబ్దుల్‌కాదిరోగ్లు, తైఫున్ సోన్మెజ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2003లో ఈ లోపాన్ని విప్పి చూపించారు. రెండేళ్లకి నగరం పద్ధతి మార్చుకుంది. ఇంగ్లండ్‌లో మొదటి ఆప్షన్‌కే మొదటి పీట వేసే పద్ధతిని 2007లో ప్రవేశాల నియమావళి ద్వారా నిషేధించారు.

మరి దానికి బదులు ఏం పెట్టారు?

సీటు ఖాయం చేయడాన్ని చివరిదాకా వాయిదా వేసే పద్ధతి. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో ఒక చిన్న వ్యాసంలో దీన్ని రాశారు. అందులో ఒక్క సమీకరణం కూడా అక్కర్లేదు. ఒక్కో విద్యార్థి తన జాబితాలో పైనున్న బడిని అడుగుతాడు. అడిగినవాళ్లలో వరసలో ముందున్నవాళ్లని బడి సీట్లున్నంతవరకు అట్టిపెట్టుకుంటుంది, మిగతావాళ్లని పంపేస్తుంది. అట్టిపెట్టుకోవడమే తప్ప మాటివ్వడం ఉండదు. పంపేసినవాళ్లు తమ తర్వాతి ఆప్షన్‌ని అడుగుతారు. అప్పుడు బడి పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ ఒకే గాటన కట్టి, మళ్లీ వరస చూస్తుంది. ఎవరు ఏ రౌండ్‌లో వచ్చారన్నది పట్టించుకోదు. ఇక ఎవరినీ పంపేసే పని లేనప్పుడు, అప్పుడు సీట్లు ఖాయం.

మన ముగ్గురితో నడిపి చూద్దాం, అందరూ నిజమే రాశారు. రవి పడమరని అడిగాడు, లత, సలీం తూర్పుని అడిగారు. తూర్పు సలీంని ఉంచుకుని లతని పంపింది. లత పడమరకి వెళ్లింది. అక్కడి వరసలో ఆమే ముందు, కాబట్టి రవి బయటికి. రవి తూర్పుకి వెళ్లాడు. అక్కడ అతను ముందు, కాబట్టి సలీం బయటికి. సలీం పడమరని అడిగితే లత ముందుందని కాదన్నారు, చివరికి ఉత్తరం. రవికి తూర్పు, లతకి పడమర, సలీంకి ఉత్తరం.

మూలన రాసిపెట్టుకున్నది తీసి చూడండి. పాత పద్ధతిలో అబద్ధాల మీద అబద్ధాలు రాసి చేరుకున్న చోటికి, ఇక్కడ ఎవరూ అబద్ధమాడకుండానే వచ్చాం. నాకు ఈ పద్ధతి మీద మనసు పడింది ఈ లెక్క చేసిన రోజునే.

ఇందులో నిజం రాస్తే నష్టం లేదని ఎలా నమ్మడం?

పాత పద్ధతిలో పెద్ద బడిని మొదట రాస్తే, అది రాకపోగా రెండోది కూడా చేజారేది. ఎందుకంటే మీరు రెండోదాన్ని అడిగేలోపు అక్కడ సీట్లు ఖాయమైపోయేవి. ఇక్కడ చివరిదాకా ఏదీ ఖాయం కాదు. పైనున్న బడిని అడిగి భంగపడి మూడో రౌండ్‌లో వచ్చినా, మీ వరస మీదే. ఆలస్యానికి జరిమానా లేదు. అందుకే రాదేమో అనిపించే బడిని కూడా పైన రాయడానికి వెనకాడక్కర్లేదు. ఈ నమ్మకానికి గణిత రుజువు 1980ల మొదట్లోనే వచ్చింది.

ఒక్క షరతు: మీ ఊళ్లో నడుస్తున్నది నిజంగా ఈ పద్ధతేనా అన్నది ముందు తేల్చుకోండి. "మొదటి ఆప్షన్ వాళ్లకి ప్రాధాన్యం" అనే మాట నిబంధనల్లో ఎక్కడ కనబడినా ఈ హామీ చెల్లదు.

రవి, లత సీట్లు మార్చుకుంటే ఇద్దరూ సంతోషిస్తారు కదా. ఎందుకు మార్చుకోనివ్వరు?

బాగా పట్టుకున్నారు. రవికి పడమర కావాలి, చేతిలో ఉన్నది తూర్పు. లతది సరిగ్గా తిరగేసి. మార్చుకుంటే ఇద్దరికీ మొదటి ఆప్షన్, సలీంకి ఉత్తరం ఎలాగూ తప్పలేదు. ఎవరికీ నష్టం లేదు. కానీ సలీం ఊరుకుంటాడా? తూర్పు బడి వరసలో లత కన్నా అతను ముందు. "నా వెనకున్న పిల్లకి సీటిచ్చి నన్ను ఉత్తరానికి తోశారు" అంటాడు. ఆ మాటలో తప్పు లేదు. మూడు గుణాలు కలవవని చెప్పింది ఇదే.

మార్చుకోవడమే ముఖ్యం అనుకుంటే దానికీ ఒక పద్ధతి ఉంది. షాప్లీ, హెర్బర్ట్ స్కార్ఫ్ 1974లో అచ్చేసిన వ్యాసంలో వచ్చింది, ఆలోచన గేల్‌ది. ప్రతి విద్యార్థీ తనకి అన్నిటికన్నా ఇష్టమైన బడి వైపు వేలు చూపిస్తాడు, ప్రతి బడీ తన వరసలో మొదటివాళ్ల వైపు వేలు చూపిస్తుంది. వేళ్లు ఎక్కడో ఒకచోట గుండ్రంగా తిరిగి మొదటికొస్తాయి. ఆ చక్రంలో ఉన్నవాళ్లకి వాళ్లు చూపిన సీట్లు ఇచ్చేసి, మిగిలినవాళ్లతో మళ్లీ మొదలు. రవి పడమరని చూపాడు, పడమర లతని చూపింది, లత తూర్పుని చూపింది, తూర్పు రవిని చూపింది. చక్రం పూర్తయింది. రవికి పడమర, లతకి తూర్పు. ఇందులోనూ అబద్ధం రాసి లాభపడేది లేదు. పోయేది ఒక్కటే, సలీం ఫిర్యాదుకి జవాబు.

ఈ రెండింటిలో మీరు ఏది మంచిదంటారు?

వాయిదా పద్ధతే. కారణం గణితం కాదు, సలీం వాళ్లమ్మ. తన కొడుకు వెనకున్న పిల్లకి సీటెందుకిచ్చారని ఆమె అడిగితే, "లతకి పడమటి బడిలో ముందు చోటుంది, దాన్ని రవితో మార్చుకుంది" అని చెప్పాలి. బడిలో ముందు చోటు అనేది అమ్ముకునే సరుకా అని ఆమె ఎదురడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఇల్లు దగ్గరని ఇచ్చిన ప్రాధాన్యం దగ్గరి బడికి వెళ్లడానికి, బేరం పెట్టడానికి కాదు.

బోస్టన్ 2005లో రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసి వాయిదా పద్ధతినే ఎంచుకుంది. న్యూ ఆర్లియన్స్ 2012లో చక్రాల పద్ధతి పెట్టి, ఆ మరుసటి ఏడాదే వాయిదా పద్ధతికి మారింది. అయితే దీని ఖరీదు చిన్నదేమీ కాదు. న్యూయార్క్ హైస్కూళ్ల సమాచారం మీద అబ్దుల్‌కాదిరోగ్లు, పరాగ్ పాఠక్, ఆల్విన్ రాత్ 2009లో అచ్చేసిన లెక్క ప్రకారం, ఎవరికీ నష్టం లేకుండా ఇంకా మంచి సీటు ఇవ్వగలిగిన విద్యార్థులు 4,000 మందికి పైగా ఉన్నారు. వాయిదా పద్ధతి వాళ్లని అలాగే వదిలేసింది.

ఓనుర్ కెస్తెన్ అనే ఆర్థికవేత్త 2010లో ఒక రాజీమార్గం చూపించాడు. మన ఉదాహరణలో గొలుసుని కదిపింది ఎవరో మళ్లీ చూడండి. సలీం తూర్పుని అడిగాడు కాబట్టి లత బయటికొచ్చింది, ఆమె రవిని తోసింది, రవి వచ్చి సలీంనే తోశాడు. తిరిగి తిరిగి తన నెత్తికే వచ్చింది. అడగడం వల్ల సలీంకి దక్కింది సున్నా, మిగతా ఇద్దరికీ నష్టం. "మీకు ఎలాగూ రాని చోట మీ వరసని వదులుకోవడానికి ఒప్పుకుంటారా?" అని ముందే అడిగి సంతకం పెట్టించుకుంటే, సలీంకి ఏమీ పోదు, రవి, లత బాగుపడతారు. ఆలోచన ముచ్చటగా ఉంది. కాకపోతే ఇందులో నిజం రాయడమే మేలన్న పూర్తి హామీ ఉండదు. ఆ హామీ నిలుపుకుంటూ వాయిదా పద్ధతి కన్నా అందరికీ మేలైనది కట్టడం అసాధ్యమని కూడా రుజువైంది.

ఎన్ని ఆప్షన్లు రాయనివ్వాలి?

ఎన్నైనా. ఐదో ఆరో గీత గీశారంటే, పక్కకి నెట్టిన ఎత్తుల ఆట కిటికీలోంచి లోపలికొస్తుంది. ఐదే రాయమంటే ఐదూ పెద్ద బడులే రాసే ధైర్యం ఎవరికుంటుంది? ఒకటి తీసేసి "ఖాయంగా వచ్చేది" ఒకటి పెడతారు. లెక్క నడిపే పద్ధతి మంచిదే అయినా ఫారం దాన్ని చెడగొడుతుంది.

న్యూయార్క్‌లో 2003కి ముందు హైస్కూలుకి ఐదు ఆప్షన్లు రాసేవాళ్లు. ఏటా 90,000 మందికి పైగా దరఖాస్తుదారులు. వాళ్లలో సుమారు 17,000 మందికి ఒకటికి మించి బడులు సీట్లిచ్చేవి, సగం మందికి మొదట్లో ఒక్కటీ వచ్చేది కాదు. చివరికి 30,000 మందిని, తమ జాబితాలో లేనే లేని బడులకి పంపేవాళ్లు. 2003లో వాయిదా పద్ధతి వచ్చింది, 12 ఆప్షన్లు ఇచ్చారు. జాబితాలో లేని బడికి వెళ్లినవాళ్లు ఆ తొలి ఏడాదే దాదాపు 3,000కి దిగారు. సీట్లు పెరిగాయా అంటే పెరగలేదు. ఒకరే నాలుగు సీట్లు పట్టుకుని కూర్చోవడం ఆగింది, అంతే.

లాటరీ అందరికీ ఒకటేనా, బడికొకటా?

అక్కాచెల్లెళ్లు, దూరం లాంటివి చూశాక కూడా వందలమంది ఒకే మెట్టు మీద మిగిలిపోతారు. వాళ్లని విడదీసేది లాటరీ. ఒకే నంబరు అన్ని బడులకీ వర్తిస్తే, చెడ్డ నంబరొచ్చిన పిల్ల ప్రతి గుమ్మం దగ్గరా ఓడిపోతుంది. అది చూసి జనానికి కడుపు తరుక్కుపోయి "బడికో లాటరీ వేయండి" అంటారు.

ఆమ్‌స్టర్‌డామ్ 2015లో సరిగ్గా అదే చేసింది. ఫలితాలు రాగానే రవి, లత లాంటి జంటలు కనబడ్డాయి, ఒకరికి కావలసిన బడి ఇంకొకరి చేతిలో. తల్లిదండ్రులు మార్చుకుంటామని కోర్టుకెక్కారు, కోర్టు కుదరదంది. ఎందుకంటే మార్పిడికి తలుపు తెరిస్తే, ఇష్టం లేకపోయినా గిరాకీ ఉన్న బడిని రాసి, వస్తే దాన్ని బేరానికి పెట్టేవాళ్లు పుట్టుకొస్తారు. మరుసటి ఏడాది నగరం ఒకే లాటరీకి మళ్లింది. సలీం తూర్పులో లతకి ముందుండటానికి ఇల్లో అక్కో కారణమైతే ఆ ఫిర్యాదుకి బరువుంటుంది. కారణం ఉత్త లాటరీ చీటీ అయితే, దాన్ని కాపాడటం కోసం ఇద్దరు పిల్లల్ని నష్టపరచడం ఎందుకు? ఒకే లాటరీలో అలాంటి ఇరుకులు తక్కువ పుడతాయి. నా ఓటు దానికే.

రిజర్వు సీట్లు ముందు నింపితే ఏంటి, తర్వాత నింపితే ఏంటి? సంఖ్య అదే కదా?

సంఖ్య అదే, ఫలితం వేరు. ఇది చాలామంది అధికారులకే తెలియని మడత, కాస్త ఓపిగ్గా చూడండి.

బడిలో 100 సీట్లు. 50 దగ్గరివాళ్లకి రిజర్వు, 50 ఓపెన్. దగ్గరివాళ్లు 100 మంది, దూరంవాళ్లు 100 మంది దరఖాస్తు పెట్టారు. లాటరీలో బేసి నంబర్లన్నీ దగ్గరివాళ్లవి, సరి నంబర్లన్నీ దూరంవాళ్లవి అనుకోండి, లెక్క తేలిగ్గా ఉంటుంది. రిజర్వు సీట్లు ముందు నింపితే 1, 3, 5 అలా 99 దాకా దగ్గరివాళ్లు 50 మంది వాటిలోకి వెళ్లిపోతారు. తర్వాత ఓపెన్ సీట్ల దగ్గర మిగిలిన మంచి నంబర్లేవి? 2, 4, 6 అలా 100 దాకా, అందరూ దూరంవాళ్లే. మొత్తం 50, 50. అసలు రిజర్వేషనే లేకుండా మొదటి 100 నంబర్లకి సీట్లిచ్చినా వచ్చేది ఇదే!

ఇప్పుడు ఓపెన్ ముందు నింపండి. మొదటి 50 నంబర్లలో దగ్గరివాళ్లు 25, దూరంవాళ్లు 25. ఆపైన రిజర్వు 50 దగ్గరివాళ్లకి. మొత్తం 75, 25. కాగితం మీద "50 శాతం రిజర్వు" అన్న ఒకే వాక్యం, లోపల రెండు వేర్వేరు బడులు.

బోస్టన్‌లో జరిగింది మొదటి రకం. బడిలో సగం సీట్లు నడిచి వెళ్లే దూరంవాళ్లకని 1999 నుంచి ఉంది, కానీ వాటిని ముందు నింపడం వల్ల ఆ రిజర్వేషన్ దాదాపు ఏ పనీ చేయలేదు. ఇరువర్గాలూ ఏళ్ల తరబడి దాని మీద కొట్లాడుకున్నాయి. లెక్క బయటపడ్డాక 2013లో దాన్ని ఎత్తేశారు. ఇదే మడతకి సంబంధించి భారతదేశంలో సుప్రీంకోర్టు 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పులో స్పష్టంగా చెప్పింది, రిజర్వుడు వర్గంవాళ్లు సొంత ప్రతిభతో ఓపెన్ ఉద్యోగం తెచ్చుకుంటే దాన్ని రిజర్వు కోటాలో కలపకూడదని. మీ నిబంధనల్లో శాతం ఒక్కటే ఉండి, ఏది ముందు నింపాలో లేకపోతే అది సగం నిబంధనే.

బడులు మోసం చేయలేవా?

చేస్తాయి. పాత న్యూయార్క్‌లో కొన్ని బడులు ఉన్న సీట్లలో కొన్నిటిని దాచిపెట్టి, కేటాయింపు అయ్యాక తమకి నచ్చినవాళ్లతో నింపుకునేవి. విద్యార్థులు తమని ఎన్నో ఆప్షన్‌గా రాశారో కూడా వాటికి కనిపించేది, మొదటి ఆప్షన్‌గా రాయనివాళ్లని చూసేవే కావు. ఆ వివరం బడులకి చూపించకపోవడమే మొదటి మందు. రాత్ 1982లో చూపించినట్టు, న్యాయమైన ఫిర్యాదు లేని ఏ పద్ధతిలోనూ రెండు పక్షాలకీ నిజమే మేలు అని హామీ ఇవ్వలేం. ఎవరో ఒకరి పక్షం ఎంచుకోవాలి. పిల్లల పక్షం ఎంచుకుని, బడుల సీట్ల సంఖ్యని బయటినుంచి తనిఖీ చేయడం నయం.

కొన్ని బడులు తమ ప్రవేశాలు తామే చూసుకుంటామంటే?

ఒక సీటొచ్చిన పిల్లకి బయట ఇంకో సీటొస్తే మొదటిది ఖాళీ అవుతుంది. దాన్ని నింపేసరికి ఇంకోటి ఖాళీ. బడి తెరిచి నెలైనా ఈ కదలిక ఆగదు. భారతదేశంలో ఐఐటీలు, ఎన్ఐటీలు 2015 నుంచి ఉమ్మడిగా సీట్లు కేటాయించడం మొదలుపెట్టింది ఇందుకే. అయినా వచ్చిన సీటు వదిలేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి పలు రౌండ్లు తప్పడం లేదు.

పద్ధతి మారిస్తే మంచి సీట్లు పెరుగుతాయా?

పెరగవు. ఒక్కటి కూడా.

కొత్త పద్ధతి వచ్చాక మొదటి ఆప్షన్ దక్కినవాళ్ల శాతం తగ్గింది. విఫలమైనట్టే కదా?

ఆ శాతం నమ్మదగ్గ కొలత కాదు. పాత పద్ధతిలో లత పడమరని "మొదటి ఆప్షన్" అని రాసి తెచ్చుకుంటే, లెక్కలో ఆమె మొదటి ఆప్షన్ దక్కిన విజేత. ఆమె మనసులో ఉన్నది తూర్పు అని ఎవరికీ తెలియదు. భయపడి రాసిన ఆప్షన్లు నెరవేరినట్టు చూపించి, పత్రికల్లో పెద్ద శాతాలు వేయించుకోవచ్చు. కొత్త పద్ధతిలో జనం ధైర్యంగా పెద్ద బడుల్ని పైన రాస్తారు, శాతం తగ్గుతుంది. ఏ బడికి నిజంగా గిరాకీ ఉందో, ఎక్కడ సెక్షన్లు పెంచాలో అప్పుడే అధికారులకి మొదటిసారి తెలుస్తుంది.

నిజం రాస్తే చాలన్నారు. మూడే రాశాం, ఏదీ రాలేదు.

నిజం రాయడం అంటే తక్కువ రాయడం కాదు. తమకి సీటొచ్చే అవకాశాన్ని జనం ఉన్నదానికన్నా ఎక్కువ ఊహించుకుంటారు. చిలీ దేశం 2015 చట్టం తర్వాత, 2016లో ఒక ప్రాంతంతో మొదలుపెట్టి దేశమంతటా వాయిదా పద్ధతిని తెచ్చింది. అక్కడ తేలింది ఇదే. ఫారం నింపుతుండగానే "మీరు రాసిన బడుల్లో ఏదీ రాని ప్రమాదం ఉంది" అని హెచ్చరిస్తే, చాలామంది ఇంకొన్ని బడులు కలిపారు, సీటు లేకుండా మిగిలే ముప్పు తగ్గింది. పై మూడింటి వరస మార్చకండి, కింద కలుపుతూ పోండి. అసలు చేరనే చేరం అనుకునే బడి దగ్గర మాత్రం ఆపండి.

దరఖాస్తులు నడుస్తుండగా లోపం కనబడితే అప్పుడే మార్చవచ్చా?

షికాగో మార్చింది. 2009లో ప్రవేశ పరీక్షతో చేర్చుకునే హైస్కూళ్లకి దరఖాస్తులన్నీ వచ్చేశాక, ఆప్షన్ల వరస వల్ల మంచి మార్కులున్న పిల్లలు కూడా రాలిపోతున్నారని అధికారులు గమనించారు. పద్ధతి మార్చి, అందరినీ ఆప్షన్లు మళ్లీ రాయమన్నారు. మళ్లీ రాయమన్నారు కాబట్టి సరిపోయింది. పాత నిబంధనలకి ఎత్తు వేసి రాసిన ఫారాల మీద కొత్త లెక్క నడిపితే మాత్రం అది ఘోరం.

ఎందుకు రాలేదని అడిగితే "కంప్యూటర్ అలా ఇచ్చింది" అంటున్నారు. ఏం చేయాలి?

అది జవాబు కాదు. వాయిదా పద్ధతిలో ప్రతి బడికీ ఒక గీత ఉంటుంది, చివరి సీటు పొందిన విద్యార్థి వరస. మీరు దాని పైనుంటే ఆ బడో, మీరు అంతకన్నా పైన రాసిన బడో రావాలి, కిందుంటే ఆ బడి రాదు. కాబట్టి మీరు రాసిన ఒక్కో బడికీ రెండు అంకెలు రాతపూర్వకంగా అడగండి: చివరిగా చేరిన విద్యార్థి వరస ఎంత, అదే జాబితాలో మా పిల్లది ఎంత. లాటరీ నంబరు ఫలితాలకి ముందే ఇచ్చారా అన్నది కూడా అడగండి. తర్వాత చెప్పిన నంబరుకి విలువ లేదు. సలీం వాళ్లమ్మకైతే ఆ కాగితం రెండు వాక్యాల్లో అయిపోతుంది: "తూర్పు బడిలో చివరి సీటు రవిది, ఆ వరసలో అతను సలీం కన్నా ముందు. పడమటి బడిలో చివరి సీటు లతది, ఆ వరసలో ఆమె సలీం కన్నా ముందు."